వెండి పట్టీలు, బంగారు అద్దం

ఈరోజు ఇంటర్ రెండో సంవత్సరం వాళ్లకు దర్పణాల పాఠం. మధ్యలో ఒక అమ్మాయి లేచి, "బంగారం కన్నా వెండే ఎక్కువ మెరుస్తుంది కదా మేడమ్, మరి జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు బంగారం ఎందుకు పూశారు?" అని అడిగింది. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు సిలబస్ ఆగాల్సిందే.

వెబ్ చూసేది ఎక్కువగా కంటికి కనిపించని పరారుణ కాంతిని. బంగారం అందులో దాదాపు 98 శాతాన్ని తిప్పి పంపుతుంది, పైగా నల్లబడదు. అద్దం వెడల్పు 6.5 మీటర్లు. పూత మందం 100 నానోమీటర్లే కాబట్టి 18 పలకలకూ కలిపి పట్టిన బంగారం సుమారు 48 గ్రాములు. "ఆరు కాసులేనా!" అని వెనక బెంచీలోంచి వినిపించింది. మెత్తని లోహం కనుక దానిపై పలుచని గాజు పొర కూడా వేశారు.

వెండి మాట వచ్చేసరికి ఆ అమ్మాయే తన పట్టీలు చూపించింది, నల్లగా ఉన్నాయి. వాళ్ల ఇల్లు అల్లవరం వైపు, రొయ్యల చెరువుల మధ్య. చెరువు అడుగు బురద కదిలితే వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. దానికి తేమ తోడైతే వెండి మీద నల్లటి సల్ఫైడ్ పొర కడుతుంది. నాసా వాళ్ల రోమన్ అంతరిక్ష టెలిస్కోపు ప్రధాన అద్దానికి వెండే పూశారు, అయితే పైన రక్షణ పొర తప్పలేదు.

ఇంటికి వచ్చాక కూడా అదే ఆలోచన. అంతరిక్షంలో ఎలా మన్నుతుందని అందరూ అడుగుతారు కానీ, పూతకు ముందుగా ఎదురయ్యే శత్రువు మన గాలే. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు అద్దానికి 1981లో అల్యూమినియం పూశారు, అది ఎగిరింది 1990లో. వెబ్ పలకల పూత 2011లో ముగిస్తే ప్రయోగం 2021 డిసెంబరులో. అన్నేళ్లూ అవి నేల మీదే ఉన్నాయి. అల్యూమినియానికి గాలి తగిలిన వెంటనే ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొర సుదూర అతినీలలోహిత కాంతిని మింగేస్తుంది. అందుకే హబుల్ అద్దంపై 25 నానోమీటర్ల మెగ్నీషియం ఫ్లోరైడ్ కప్పారు. ఇంకా పొట్టి తరంగాలు కావాలంటే లిథియం ఫ్లోరైడ్ మేలు. కానీ అది వానాకాలంలో మన జాడీలో ఉప్పులా చెమ్మ పీలుస్తుంది.

తమిళనాడులోని కావలూరు వేధశాలలో అయితే అద్దం దింపి మళ్లీ అల్యూమినియం పూయవచ్చు. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న వెబ్‌కు ఆ వీలు లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది మన అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్ సంగతి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లినా, అతినీలలోహిత టెలిస్కోపుల తలుపులు నవంబరు చివరి దాకా తెరవలేదు. ఉపగ్రహం సొంత భాగాల నుంచి వెలువడే ఆవిర్లు అద్దాలపై పేరుకుంటే, అతినీలలోహిత కాంతి పడి అక్కడే గట్టిపడిపోతాయి. అవి చాలావరకు చెదిరిపోయేదాకా ఆగారు. రేపు పాఠం ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ప్రతిబింబాల లెక్కలు ఎల్లుండి చేయించవచ్చు.