పగిలిన ఎర్ర అద్దం

కోనసీమలో మా అమ్మమ్మగారిది పాతకాలపు మండువా లోగిలి. పడమటి గుమ్మం పైనున్న అర్ధచంద్రాకారపు కమానులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు అద్దాలు విసనకర్రలా బిగించి ఉండేవి. సాయంత్రం నాలుగు దాటాక వాటిగుండా దిగిన ఎండ నాపరాళ్ల మీద పరుచుకుంటే, ఎర్ర మరక పడిన చోట కూర్చోవడానికి పిల్లలం పోట్లాడుకునేవాళ్లం. 1996 నవంబరు తుపానుకు ఆ ఎర్ర పలక ఊడిపడి అయిదు ముక్కలైంది. అమ్మమ్మ వాటిని ఏరి బిస్కెట్ల డబ్బాలో దాచింది. ఎందుకని అడిగితే, "అతికేవాడు ఎవడో ఒకడు దొరక్కపోడురా" అనేది.

నిరుడు అటక సర్దుతూ ఆ డబ్బా తెరిచాను. ఒక ముక్కను అంచువైపు నుంచి చూస్తే ఎరుపే లేదు. మామూలు కిటికీ గాజులా లేత ఆకుపచ్చగా ఉంది. ఒక ముఖం మీద మాత్రం పాల మీద మీగడలా పలుచని ఎర్ర పొర. పైన పూసిన రంగేమోనని చాకుతో గీకినా ఊడలేదు. తరువాత చదివితే తెలిసిందేమిటంటే, రాగితో వచ్చే ఎరుపు ఎంత గాఢమైనదంటే పలక మందమంతా అదే ఉంటే వెలుగు దాటక నల్లగా కనిపిస్తుంది. అందుకని మధ్యయుగపు ఐరోపా గాజు పనివారు రంగులేని గాజును, ఎర్ర గాజును కరిగి ఉండగానే కలిపి ఊది, రంగును పైపొరగా మాత్రమే నిలిపేవారు. మా కమానులోనిదీ ఆ కోవదే.

చర్చి కిటికీలలోని బొమ్మలను అద్దం మీద రంగులతో వేస్తారనే నేనూ చాలాకాలం అనుకున్నాను. నిజానికి మధ్యయుగపు కిటికీలలో రంగంతా గాజులోనే ఉంటుంది: కోబాల్టుతో నీలం, మాంగనీసుతో ఊదా, రాగితో ఎరుపు లేదా ఆకుపచ్చ. 12వ శతాబ్దం తొలినాళ్లలో థియోఫిలస్ అనే మఠవాసి ఈ పనినంతా లాటిన్‌లో రాసిపెట్టాడు. రెండు పాళ్ల బీచ్ అనే ఐరోపా చెట్టు బూడిదకు ఒక పాలు ఇసుక కలిపి గాజు కరిగించడం, సుద్ద పూసిన చెక్కబల్ల మీద బొమ్మ గీసుకోవడం, కాల్చిన ఇనుముతో గాజును చీల్చడం అన్నీ అందులో ఉన్నాయి. ఆయన చెప్పిన పూత ఒక్కటే. కాల్చిన రాగి పొడిని, నూరిన గాజును ద్రాక్షసారాతోనో మూత్రంతోనో కలిపి, ముఖాల గీతలు, బట్టల మడతలు దిద్ది, కొలిమిలో కాల్చాలి. ఆ పూత పని రంగునివ్వడం కాదు, వెలుగును అడ్డుకోవడం. తోలుబొమ్మలాట చూసినవారికి ఇది వివరించనక్కరలేదు; అక్కడా రంగు తోలులో ఇంకి ఉంటుంది, దీపం వెనక ఉంటుంది, నల్ల గీత వెలుగును ఆపుతుంది.

పసుపు ఒక్కటే దీనికి మినహాయింపు. 14వ శతాబ్దం మొదట్లో వెండి లవణాన్ని అద్దం వెనకవైపు పూసి కాలిస్తే, వెండి గాజులోకే ఇంకి నిమ్మపండు రంగు నుంచి నారింజ దాకా పసుపు వస్తుందని ఐరోపా కిటికీ పనివారు తెలుసుకున్నారు. ఇలాంటి రంగు అద్దాలన్నిటినీ ఇంగ్లీషులో స్టెయిన్డ్ గ్లాస్ (మరక ఇంకిన గాజు) అంటారు; ఆ పేరు సరిగ్గా అతికేది దీనికే. పట్నంలో ఒక దుకాణదారు ఆ పేరుతోనే నాకు ప్లాస్టిక్ కాగితం అంటించిన అద్దం అమ్మజూపాడు. గోటితో మూల లేపి చూపిస్తే నవ్వేశాడు.

1144లో పారిస్ దగ్గర సెయింట్ డెనిస్ మఠాలయం కొత్త గర్భాలయం, 1248లో పారిస్‌లో సెయింట్ షపెల్ అనే ప్రార్థనాలయం, ఇలా కిటికీలు పెరుగుతూ పోయి గోడలనే మింగేశాయి. షపెల్‌లో 15 కిటికీలున్నాయి; పెద్దవి దాదాపు 15 మీటర్ల ఎత్తు. అంత ఎత్తున గాజు ముక్కలను పట్టి ఉంచేవి రెండు పక్కలా గాడి ఉన్న సీసపు పట్టీలు, వాటికి ఊతంగా అడ్డంగా ఇనుప కడ్డీలు. సీసం మెత్తన కాబట్టి ఏ వంపుకైనా వంగుతుంది, గాలి తోసినప్పుడు కాస్త ఒదుగుతుంది. అతుకుల దగ్గర టంకం వేసి, సందుల్లోకి అవిసె నూనె, సుద్దపొడి కలిపిన లప్పం కూరుతారు.

ఆ ఒదుగుబాటు విలువ నాకు నష్టపోయాకే తెలిసింది. తుపాను తరువాత మరమ్మతుకు వచ్చిన పనివాడు కమాను సందులన్నీ రాయిలా గట్టిపడే జిగురుతో నింపాడు. మరుసటి వానాకాలం టేకుచెక్క ఉబ్బేసరికి, ఎటూ జరగలేక పక్కనున్న ఆకుపచ్చ పలక నిలువునా చిట్లింది.

పాత చర్చిలలో పగిలిన ముక్కను పారేయకుండా పగులు వెంటే సీసపు పట్టీ వేసి కలిపేవారు; దేవదూత చెంప మీదుగా గీత పోయినా ఊరుకునేవారు. నేనూ అదే చేశాను. పోస్టులో తెప్పించిన పట్టీతో, చేతి తొడుగులు వేసుకుని (సీసం విషం), అయిదు ముక్కలనూ మూడు ఆదివారాలలో కలిపాను. టంకం రెండుచోట్ల ముద్దకట్టింది. పట్టీల మందానికి ముక్కల అంచులు కాస్త అరగదీయవలసి వచ్చింది. పలకను ఈసారి లప్పంతోనే కమానులో కూర్చోబెట్టాం. ఇప్పుడు నాలుగు దాటాక నాపరాళ్ల మీద పడే ఎర్ర మరకలో కొంకరగా నల్ల గీతలున్నాయి. మా చిన్నది వాటిని చూసి గోదావరి పాయలంటోంది.