బీకాం అయిపోయింది, అనుభవం లేదు: మొదటి అకౌంట్స్ ఉద్యోగానికి దారి

బీకాం మెమో చేతికొచ్చాక ఎక్కువమంది చేసే పని ఒకటే. అమీర్‌పేటలోనో, ఊళ్లో ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లోనో ట్యాలీ కోర్సులో చేరి, సర్టిఫికెట్ తీసుకుని, నౌక్రీ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ పెట్టి ఫోన్ కోసం ఎదురుచూడటం. ఫోన్ రాదు. అదే సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కోకొల్లలు, పైగా ఉద్యోగం ఇచ్చేవాళ్లకి ఆ కాగితం మీద పెద్ద నమ్మకం లేదు. వాళ్లకి తెలియాల్సింది ఒక్కటే: ఒక కట్ట బిల్లులు ముందు పెడితే ఈ మనిషి సాయంత్రానికి తప్పుల్లేకుండా ఎక్కిస్తాడా, లేదా? అనుభవం అడిగేది కూడా అందుకే. ఆ ప్రశ్నకి జవాబు మీరే తయారుచేసి పట్టుకెళ్లొచ్చు.

దానికి ఒక షాపు ఒక నెల లెక్కల పుస్తకాలు రాయాలి. ట్యాలీ ప్రైమ్‌ని దించుకుని ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరిస్తే డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే అందులో నెలకి 1, 2, 31 తేదీల ఎంట్రీలే పడతాయి. 31 రోజులున్న నెల తీసుకుని బిల్లులన్నీ ఆ మూడు తేదీల్లోకి సర్దేయండి. తెలిసినవాళ్లకి హార్డ్‌వేర్ షాపో, మెడికల్ షాపో ఉంటే ఒక నెల బిల్లుల జిరాక్సు అడగండి, పార్టీల పేర్లు మార్చి వాడుకోండి. ఓ 40 కొనుగోళ్లు, 60 అమ్మకాలు, 15 చెల్లింపులు, ఒక బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. కాంట్రాకి ఎఫ్4, పేమెంట్‌కి ఎఫ్5, రసీదుకి ఎఫ్6, జర్నల్‌కి ఎఫ్7, సేల్స్‌కి ఎఫ్8, పర్చేజ్‌కి ఎఫ్9. మౌస్ ముట్టుకోకుండా ఇవన్నీ చేతికి అలవాటయ్యేదాకా కొట్టండి. ఇంటర్వ్యూలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టినప్పుడు మీ జవాబులకంటే ముందు వాళ్లు చూసేది మీ వేళ్లనే.

కొత్తవాళ్లు దాదాపు తప్పకుండా బోల్తాపడే చోటు ఒకటుంది. హైదరాబాద్ షాపు విజయవాడ డీలర్ దగ్గర లక్ష రూపాయల సరుకు తెచ్చింది, పన్ను 18 శాతం. రెండూ తెలుగు ఊళ్లే కదా అని చెయ్యి అలవాటుగా సీజీఎస్‌టీ 9,000, ఎస్‌జీఎస్‌టీ 9,000 (ఒకే రాష్ట్రం లోపలి అమ్మకానికి కేంద్రం, రాష్ట్రం చెరిసగం తీసుకునే పన్ను) వేసేస్తుంది. అది తప్పు. తెలంగాణ వేరు, ఆంధ్రప్రదేశ్ వేరు, కాబట్టి రాష్ట్రాల మధ్య అమ్మకానికి పడే ఐజీఎస్‌టీ 18,000. బిల్లు మీద జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూస్తే చాలు: 36 అంటే తెలంగాణ, 37 అంటే ఆంధ్రప్రదేశ్. ఆ తర్వాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్ నంబరు. తప్పు హెడ్‌లో వేస్తే మొత్తం టోటల్ తేడా రాదు, ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది. దొరికేది తర్వాతి నెల 14న జీఎస్‌టీఆర్-2బీ (సప్లయర్లు ఫైల్ చేసినదాన్ని బట్టి జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే మన కొనుగోళ్ల జాబితా) వచ్చాకే. అందులో ఐజీఎస్‌టీ ఉంటుంది, మన పుస్తకాల్లో ఉండదు. ఇలాంటి బిల్లు మీ నెల లెక్కల్లో కావాలనే రెండు మూడు పెట్టుకోండి.

తర్వాతిది 2బీతో కొనుగోళ్లు సరిచూడటం. ఎక్సెల్‌లో వీలుకప్, సమ్ఇఫ్స్, పివట్ టేబుల్ వస్తే ఈ పని నడుస్తుంది. బిల్లులు కలవకపోతే కారణం సాధారణంగా చిన్నదే. సప్లయర్ ‘ఐఎన్‌వీ/012’ అని ఫైల్ చేసుంటాడు, మనవాళ్లు ‘12’ అని ఎక్కించి ఉంటారు. లేదా జీఎస్‌టీ నంబరు చివర ఒక ఖాళీ స్పేస్ ఉండిపోయి ఉంటుంది, ట్రిమ్ ఫార్ములాతో అది పోతుంది. ఇంకా మిగిలినవి సప్లయర్ అసలు ఫైలే చేయని బిల్లులు. వాటిని వేరే షీట్‌లో పెట్టి ఎవరికి ఫోన్ చేయాలో పక్కన రాయండి. బ్యాంకు రీకన్సిలియేషన్ (బీఆర్ఎస్), అంటే మన బ్యాంకు ఖాతాని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటం, కూడా ఒకటి చేయండి. మనం ఇచ్చి ఇంకా పాస్ కాని చెక్కులు, బ్యాంకు మెల్లగా కోసుకున్న చార్జీలు అందులో తేలాలి. సేల్స్ రిజిస్టరు, 2బీ తేడాల షీటు, బీఆర్ఎస్, లాభనష్టాల ఖాతా: ఈ నాలుగూ ప్రింట్ తీసి ఒక ఫైల్లో పెట్టండి. నమూనా లెక్కలని పైన రాయండి, నిజం పనిలా చూపించొద్దు.

రెజ్యూమె ఒక్క పేజీ. పైన పేరు, ఫోను, ఉండే ఏరియా. ఏరియా ముఖ్యం, హైదరాబాద్‌లో బాలానగర్ కంపెనీవాళ్లు అటు చివర హయత్‌నగర్ మనిషిని రెండుసార్లు ఆలోచించి పిలుస్తారు. కింద నాలుగు లైన్లలో ఏం చేయగలరో రాయండి: ‘ట్యాలీ ప్రైమ్‌లో జీఎస్‌టీ బిల్లులు ఎక్కించడం, ఎక్సెల్‌లో 2బీ సరిచూడటం, బీఆర్ఎస్, ఈ-వే బిల్లు’ (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం). ‘ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో నా స్కిల్స్ వాడి’ అని మొదలయ్యే ఆబ్జెక్టివ్ పేరా తీసేయండి, దాన్ని ఎవరూ చదవరు. చివర డిక్లరేషన్, తండ్రి పేరు, హాబీలు కూడా అక్కర్లేదు.

ఇక ఎక్కడికి వెళ్లాలి అన్నది. నా లెక్కలో మొదటి ఏడాదికి ఆడిటర్ గారి ఆఫీసే మేలు. జీతం పదివేలకి అటూ ఇటూగా మొదలవడం మామూలే, కానీ ఒక కంపెనీలో ఒకే రకం బిల్లులు చూసే చోట ఇక్కడ ముప్ఫై వ్యాపారాల పుస్తకాలు చూస్తారు. సీఏ బోర్డు ఉన్నవాళ్లే కాదు, ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసులూ లెక్కలోకే వస్తాయి. వీళ్లలో చాలామంది ఎక్కడా ప్రకటన ఇవ్వరు, నేరుగా వెళ్లి అడగాల్సిందే.

వెళ్లే తేదీని బట్టి మర్యాద ఉంటుంది. నెలలో 7 టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న ఆదాయపు పన్ను) కట్టే గడువు, 11 జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15 పీఎఫ్, ఈఎస్ఐ, 20 జీఎస్‌టీఆర్-3బీ (పన్ను లెక్కగట్టి కట్టే రిటర్ను), మూడు నెలలకోసారి ఫైల్ చేసేవాళ్లకి మన రెండు రాష్ట్రాల్లో 22. ఆ రోజుల్లో వెళ్తే రెజ్యూమె టేబుల్ మీద పెట్టి వెళ్లమంటారు, అది బిల్లుల కింద పడిపోతుంది. 23 నుంచి 28 మధ్య, మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. ఏడాదిలో అయితే ఏప్రిల్, మే, జూన్. జీతగాళ్ల రిటర్నులకి జులై 31, ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులకి సెప్టెంబరు 30 గడువు ఉంటుంది కాబట్టి ఆలోగా చేతులు కావాలి. ‘సర్, జీతం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, వారం రోజులు పని చూడండి’ అనొచ్చు. వారం అంటే వారమే. మూడు నెలలు ఊరికే చేయించుకుని ‘ఇంకా నేర్చుకుంటున్నావు కదమ్మా’ అనేవాళ్లూ ఉన్నారు.

హోల్‌సేల్ బజార్లలో కూడా అకౌంటెంట్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది: హైదరాబాద్‌లో బేగంబజార్, రాణిగంజ్, విజయవాడలో వన్‌టౌన్, ఆటోనగర్. బేగంబజార్‌లో హిందీ వస్తే పని తేలిక. పెద్ద కంపెనీలో అడుగుపెట్టాలనుకుంటే నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం) పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకోండి. 2019లో సవరించిన రూల్స్ డిగ్రీవాళ్లకి నెలకి కనీస స్టైపెండ్ 9,000గా పెట్టాయి, ఇప్పుడెంతో పోర్టల్‌లో చూసుకోండి. అప్రెంటిస్‌కి పీఎఫ్ ఉండదు, తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న బలవంతమూ లేదు, ముగిశాక సర్టిఫికెట్ వస్తుంది.

ఇంటర్వ్యూలో అడిగేవి పాతవే: డెప్రిసియేషన్ ఎంట్రీ, అవుట్‌స్టాండింగ్ జీతాలు, క్రెడిట్ నోటుకీ డెబిట్ నోటుకీ తేడా. కాస్త పదునైనవాళ్లు ‘ఓనరు షాపులోంచి ఇంటికి సరుకు తీసుకెళ్తే?’ అంటారు. డ్రాయింగ్స్ డెబిట్, పర్చేజెస్ క్రెడిట్ అని ఊరుకోకుండా, ఆ సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టి, మన పన్నులోంచి తగ్గించుకున్న జీఎస్‌టీ) వెనక్కి ఇవ్వాలని కూడా చెప్తే అక్కడితో పని అయిపోయినట్టే.

కంపెనీ అయితే సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) చూసి మోసపోకండి. నెలకి 20,000 సీటీసీలో బేసిక్ పదివేలు, పీఎఫ్ ఆ పదివేల మీదే అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ 1,200, గ్రాట్యుటీ 481, ఈఎస్ఐ 577 అందులోంచే పోతాయి. గ్రాస్ 17,742. దాంట్లో మీ పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 134, వృత్తి పన్ను 150 తీస్తే చేతికొచ్చేది 16,258. షాపులో అయితే జీతం నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. ఎంత తక్కువైనా బ్యాంకులో వేయమని అడగండి. రెండో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ స్టేట్‌మెంటే మీ అనుభవానికి రుజువు. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొనే ఆలోచన ఉంటే మానుకోండి, పీఎఫ్ ఖాతా చరిత్ర చూస్తే ఎవరు ఎక్కడ ఎప్పుడు చేశారో బయటపడుతుంది.

చేరేముందు పేరు సరిచూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాన్‌లో ఇంటిపేరు చివర: మన దగ్గర ఇది ఇంటింటి గొడవ. యూఏఎన్ (పీఎఫ్ కోసం ఇచ్చే నంబరు) తీసేటప్పుడు పని ఇక్కడే ఆగిపోతుంది. టెన్త్ మెమోనే ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్, తర్వాత పాన్ మార్పించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి స్పెల్లింగ్ కాగితం మీద రాసిచ్చి, ఆపరేటర్ కొట్టింది స్క్రీన్ మీద చదివాకే ఓకే అనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు, చూపించి జిరాక్సు ఇవ్వండి. రిజిస్ట్రేషన్ ఫీజనో, లాప్‌టాప్ డిపాజిటనో డబ్బు అడిగితే అక్కడ ఉద్యోగం లేదనే అర్థం.

అకౌంట్స్ పనికే ఉన్న ప్రమాదం ఇంకొకటి. కొన్ని నెలలయ్యాక కొందరు ఓనర్లు ‘నీ పేరు మీద చిన్న ఫర్మ్ పెడదాం, సంతకం పెడితే చాలు, నెలకి రెండువేలు ఎక్కువ ఇస్తా’ అంటారు. ఆధార్, పాన్, ఇంటి కరెంటు బిల్లు అడుగుతారు. ఆ పేరు మీద సరుకు లేకుండా బిల్లులు తిరుగుతాయి, నోటీసు వచ్చేది మీ ఇంటికి. ఎంత దగ్గరివాళ్లు అడిగినా కుదరదని చెప్పేయండి. ఉద్యోగానికని ఇచ్చిన జిరాక్సుల మీద ‘ఉద్యోగం కోసం మాత్రమే’ అని రాసి తేదీ వేయండి. జీఎస్‌టీ పోర్టల్‌లో పాన్ నంబరుతో వెతికే సదుపాయం ఉంది, లాగిన్ కూడా అక్కర్లేదు. మీ పాన్ కొట్టి, మీకు తెలియని రిజిస్ట్రేషన్ ఏదైనా ఉందేమో అప్పుడప్పుడూ చూసుకోండి.