బంటి ఆపరేషన్: రాత్రికి ఎవరుంటారో చెప్పని ఆస్పత్రి

మా బంటి పేగులోంచి మామిడి టెంక తీసి వారం దాటింది. కుట్లు ఇంకా విప్పలేదు. నా కోపం కూడా ఇంకా చల్లారలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. కుక్కకి పెద్ద ఆపరేషన్ అయ్యాక రాత్రి ఆస్పత్రిలో ఉంచాలా, ఇంటికి తెచ్చుకోవాలా అని ఆలోచించేవాళ్లకి పనికొస్తుంది.

టెంక సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పై వాటాలో పిల్లలు చిన్నరసాలు తిని టెంకలు ప్రహరీ పక్కన పడేశారు. మావాడు పద్దెనిమిది కిలోల నాటు కుక్క, నమలకుండా మింగే రకం. మర్నాటి నుంచి వాంతులు. నీళ్లు తాగినా కక్కేశాడు, దొడ్డికి పోలేదు. మా ఏరియాలోని క్లినిక్‌కి తీసుకెళ్లాం. టెంక రాయీ కాదు, ఎముకా కాదు కాబట్టి ఎక్స్‌రేలో సరిగ్గా కనబడలేదు, పేగు గాలితో ఉబ్బి ఉండటం మాత్రం తెలిసింది. స్కానింగ్‌లో దొరికింది. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. పేగు చెడిపోలేదు కాబట్టి ముక్క తీసెయ్యాల్సిన అవసరం రాలేదు, కోసి టెంక తీసి కుట్టేశారు. సర్జన్ చెయ్యి చాలా మంచిది. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అసలు బాధంతా సాయంత్రం కౌంటర్ దగ్గర మొదలైంది.

రిసెప్షన్ అమ్మాయి ఒక ఫారం నా ముందు పెట్టి, "మేడం, ఈ నైట్ అబ్జర్వేషన్‌లో ఉంచాలి. సంతకం పెట్టి మూడు వేలు కట్టండి, రేపు పొద్దున పదింటికి వచ్చి తీసుకెళ్లండి" అంది. ఉంచడానికి మాకు అభ్యంతరం లేదు. మూడు వేలకి వెనకాడే స్థితిలో కూడా లేం. "రాత్రికి ఎవరుంటారమ్మా?" అని మాత్రం అడిగాను.

"స్టాఫ్ ఉంటారు మేడం."

"స్టాఫ్ అంటే డాక్టరా?"

"డాక్టర్ ఆన్ కాల్ ఉంటారు."

"అంటే ఇంట్లో ఉంటారు. ఇక్కడ మెలకువగా ఎవరుంటారు?"

"సీసీ కెమెరా ఉంది మేడం, ఇరవై నాలుగు గంటలూ రికార్డ్ అవుతుంది."

ఒక్క పేరు చెప్తే అయిపోయే జవాబు. ఎన్ని రకాలుగా అడిగినా ఆ పేరు రాలేదు. చివరికి మేనేజర్ వచ్చాడు. హాలు నిండా జనం ఉన్నారు, ఒళ్లో పిల్లులు, గొలుసులు పట్టుకుని కుక్కలు. అందరికీ వినబడేలా, "మనుషుల హాస్పిటల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు మేడం. నమ్మకం లేనప్పుడు మా దగ్గరికి ఎందుకొచ్చారు?" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక కుర్చీలో ఉన్న పెద్దాయన, "కుక్కే కదమ్మా, వాళ్లు చూసుకుంటార్లే" అని సర్దిచెప్పబోయాడు. మా ఆయన మోచెయ్యి పట్టుకుని "పెట్టేయ్ సంతకం, ఎందుకీ గొడవ" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపల బిడ్డలాంటి ప్రాణి మత్తులో పడి ఉంటే, బయట నన్ను పేచీకోరుగా నిలబెట్టారు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. చదవకుండా సంతకం పెట్టవద్దని ఎంతమంది ఖాతాదారులకి చెప్పానో లెక్కలేదు. ఆ ఫారం మొత్తం అక్కడే నిలబడి చదివాను. కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది: రాత్రివేళ నిరంతరం వైద్య పర్యవేక్షణ ఉంటుందని హామీ లేదు, ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు. నేను అడిగినదానికి జవాబు వాళ్ల కాగితంలోనే ఉంది. దాన్ని తెలుగులో పైకి చదివి వినిపించాను. నవ్వినవాళ్లు నవ్వు ఆపేశారు. పిల్లిని తెచ్చిన ఒకమ్మాయి లేచి వచ్చి, "ఆంటీ, నాతో కూడా ఇదే పెట్టించుకున్నారు" అని తన ఫారం తీసి చదవడం మొదలుపెట్టింది.

గది చూపించమన్నాను. బయటివాళ్లకి పర్మిషన్ లేదన్నారు. చూడకుండా కదలనన్నాను. ఈ గొడవ విని సర్జనే బయటికొచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లారు.

రెండు వరసల బోన్లు. కింది వరసలో మా బంటి, స్టీలు ట్రే మీద పల్చటి తువ్వాలు. ఏసీ పూర్తిగా పెట్టి ఉంది. మత్తు ఇచ్చిన కుక్కకి ఒళ్లు చల్లబడిపోతుంది, పైగా పొట్ట మీద బొచ్చంతా గొరిగేశారు. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. సెలైన్ సీసా ఖాళీ అయిపోయి, ముంగాలికి పెట్టిన గొట్టంలోకి బెత్తెడు మేర రక్తం ఎక్కి ఉంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో చెప్పేవాళ్లు లేరు. సర్జన్ మొహం మాడిపోయింది. తనే గబగబా సీసా మార్చారు.

రాత్రి ఉండే "స్టాఫ్" అక్కడే బోను కడుగుతున్నాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మంచి పిల్లవాడు, బంటి తల నిమురుతూ మాట్లాడాడు. "రాత్రి వీడి పొట్ట ఉబ్బితే నీకు తెలుస్తుందా నాన్నా?" అని అడిగాను. "నాకైతే తెల్వదమ్మా. సార్‌కి ఫోన్ చేస్త" అన్నాడు. ఆ క్లినిక్‌లో నాకు దొరికిన మొదటి నిజం అదే. వాడిని నేను తప్పు పట్టను. నేర్పకుండా, నిద్ర లేకుండా అన్ని ప్రాణాలని వాడి మీద వదిలేసి, రాత్రికి మూడేసి వేలు వసూలు చేసేవాళ్లదే తప్పు.

సర్జన్‌ని పక్కకి పిలిచి సూటిగా అడిగాను. "నా ఇల్లు శంషాబాద్ అవతల. ఫోన్ వస్తే బయల్దేరతాను కానీ గంట పైనే పడుతుంది. నా కుక్కే అయితే రాత్రి డ్యూటీ డాక్టర్ ఉన్న చోటికి మారుస్తాను" అన్నారు. మరి ఇంటికి తీసుకెళ్తే? వద్దన్నారు. మత్తు వల్ల వచ్చే ప్రాణాపాయం చాలావరకు ఆపరేషన్ అయ్యాక తొలి కొన్ని గంటల్లోనే ఉంటుందట. లోపల రక్తం కారడం మొదలైతే బయటికి కనబడదు, చిగుళ్లు పాలిపోతాయి, పొట్ట ఉబ్బుతుంది, కుక్క లేవలేదు. పైగా పేగు కోసినవాడికి సెలైన్ పోవాలి, గట్టి నొప్పి ఇంజెక్షన్లు పడాలి. ఇవన్నీ ఇంట్లో కుదరవు. ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు కుక్కకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయితే పూర్తిగా మెలకువ వచ్చాక సాయంత్రమే తీసుకెళ్లిపొమ్మని ఆయనే చెప్తారట.

చిగుళ్లు చూడటం కూడా అక్కడే నేర్పారు. పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలాలి. తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. కుక్క ఉన్న ప్రతివాళ్లూ ఇది ఈ రోజే, కుక్క బాగున్నప్పుడే చేసి చూసుకోండి. మామూలు రంగు తెలిస్తేనే తేడా తెలుస్తుంది. కొన్ని కుక్కలకి చిగుళ్లే నల్లగా ఉంటాయి, అలాంటప్పుడు కింది కనురెప్ప లోపల చూడాలి.

బయటికొచ్చాక మేనేజర్ ఇంకో ఫారం తెచ్చాడు, డాక్టర్ సలహాని కాదని తీసుకెళ్తున్నామని రాసిమ్మన్నాడు. సలహా ఇచ్చిందే డాక్టర్ కదా, పెట్టనన్నాను. సర్జన్ తన చేత్తో ఏ మందు ఎంత, ఎన్ని గంటలకి ఇచ్చారో అంతా రాసిచ్చారు. కానీ మూడు వేలు కట్టేదాకా ఎక్స్‌రే ఇవ్వనని మేనేజర్ పట్టుబట్టాడు. ఒక్క గంట కూడా ఉంచని రాత్రికి అద్దె! బంటి వణుకుతున్నాడని కట్టేశాను. రసీదు మాత్రం తీసుకున్నాను.

క్యాబ్ డ్రైవర్ కుక్కని చూసి క్యాన్సిల్ చేశాడు. ఒక ఆటో అన్న ఏమీ అడగకుండా ఎక్కించుకుని, తార్నాక, మెట్టుగూడ, ప్యారడైజ్, బేగంపేట మీదుగా గతుకు వచ్చిన ప్రతిచోటా స్లో చేసుకుంటూ జూబ్లీహిల్స్ వైపు ఇంకో ఆస్పత్రి దగ్గర దించాడు. వేడినీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి బంటి పక్కన పెట్టాను, నేరుగా ఒంటికి తగిలితే కాలుతుంది.

అక్కడ రాత్రంతా డ్యూటీలో ఉండే డాక్టరమ్మ పేరు ఫోన్‌లోనే చెప్పారు. వెళ్లేసరికి బంటి టెంపరేచర్ 98. కుక్కకి 101 నుంచి 102.5 దాకా ఉండాలి. వెచ్చటి దుప్పటి వేసి, గంట గంటకీ టెంపరేచర్, చిగుళ్లు, ఊపిరి చూసి చార్టులో రాశారు. నన్ను పక్కన కూర్చోనిచ్చారు. అర్ధరాత్రి దాటాక సన్నగా ఏడుపు మొదలుపెడితే, అది మత్తు దిగేటప్పటి కలవరమా, నొప్పా అని పొట్ట పక్కన మెల్లగా నొక్కి చూసి, నొప్పేనని ఇంజెక్షన్ ఇచ్చింది. ఆ ఇంజెక్షన్ ఇంట్లో నేనెక్కడ తెచ్చేదాన్ని? ఆ బోనులో ఉంటే తెల్లారేదాకా ఏడ్చేవాడు, సీసీ కెమెరాలో రికార్డయ్యేది.

కాబట్టి "ఉంచాలా వద్దా" అని ఊరికే బుర్ర పాడుచేసుకోకండి. రాత్రి మెలకువగా ఉండేది ఎవరు, వాళ్లకి ఏం తెలుసు, ఎన్ని గంటలకోసారి చూస్తారు అని ఆపరేషన్‌కి ముందే అడగండి. అయ్యాక అడిగితే మీ కుక్క వాళ్ల చేతిలో ఉంటుంది. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉన్నాయి, ఖర్చు తక్కువ. అక్కడైనా రాత్రి సంగతి ముందే కనుక్కోండి. ఇంటికి తెచ్చుకుంటే మాత్రం ఏడుస్తున్నాడని డోలో, కాంబిఫ్లామ్ లాంటివి వేయొద్దు. మన నొప్పి మాత్రలు కుక్కలకి ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంకో మాట. పేగు కోసినప్పుడు మొదటి రాత్రి దాటితే గండం గడిచినట్టు కాదు. కుట్టు లీకయ్యే ప్రమాదం సుమారు మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఎక్కువ. మూడో రోజు మావాడు గంజి ముట్టకపోతే పరిగెత్తాం. స్కానింగ్ చేసి, కుట్టు బాగానే ఉంది, యాంటీబయాటిక్ వల్ల వికారమన్నారు. మందు మార్చాక తిన్నాడు.

"కుక్కకి అంత డబ్బు పోశారా" అని మా ఆడపడుచు ఫోన్ చేసి మరీ అడిగింది. రోజూ రాత్రి గేటు దగ్గర పడుకుని మా ఇల్లు కాసే ప్రాణి అది. వాడికి ఒక్క రాత్రి మేం కాపలా కాయకపోతే ఎలా? పెంచుకోవడం అంటే ఫొటోలు దిగడం ఒక్కటే కాదు కదా.

కుట్లు విప్పించడానికి బుధవారం మళ్లీ అదే క్లినిక్‌కి వెళ్లాలి, ఆ సర్జన్ అక్కడే కూర్చుంటారు. మూడు వేలు వెనక్కివ్వమని ఇచ్చిన లెటర్‌కి ఇప్పటిదాకా జవాబు లేదు. రసీదు, ఆ ఫారం ఫొటో రెండూ తీసుకెళ్తున్నాను. హాల్లో అందరూ ఉండగానే అడుగుతాను.