వాన తెరిపిచ్చేదాకా

క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో తనిఖీ అధికారిణి మమ్మల్ని మొదట అడిగింది బూట్ల గురించే. మావారు సంచిలోంచి తీసిచ్చారు. ఆమె వాటిని తిరగేసి, అడుగున గాడుల్లో మట్టి ఉందేమోనని వేలితో తడిమి చూసింది. దసరాకి ఊరెళ్లినప్పుడు ఈయన పొలం గట్లన్నీ తిరిగొచ్చిన బూట్లవి. అందుకే బయల్దేరే ముందు రాత్రి బాల్కనీలో కూర్చుని, సబ్బునీళ్లూ పాత పళ్ల బ్రష్షూ పెట్టి గంటసేపు తోమాం. "శుభ్రంగా ఉన్నాయి" అని ఆమె తిరిగిచ్చేసేసరికి నాకు గుండెల మీద బరువు దిగినట్టయింది.

న్యూజిలాండ్ వెళ్లాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. వీసా కన్నా ముందు దీన్ని మనసులో పెట్టుకోండి. ప్రయాణానికి 24 గంటల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఒక డిక్లరేషన్ నింపొచ్చు. తినే వస్తువేదైనా, మట్టిలో తిరిగిన చెప్పులూ బూట్లూ ఏవైనా అందులో రాయాలి. నేను కందిపొడి, ఆవకాయ, అటుకులు, చింతపండు అన్నీ సీలు వేసిన కొట్టు ప్యాకెట్లే కొన్నాను, ఒక్కటీ వదలకుండా రాశాను. అధికారిణి అన్నీ చూసి వదిలేసింది. విమానంలో ఇచ్చిన ఒక ఆపిల్ నా చేతిసంచిలో ఉండిపోయిందని వరసలో నిలబడ్డాక గుర్తొచ్చింది. తనిఖీకి ముందే అక్కడున్న డబ్బాలో వేసేశాను. చెప్పకుండా తీసుకెళ్తే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఇంత కట్టుదిట్టం ఎందుకో ఆ రోజు నాకు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైంది వారం తర్వాత, టె అనౌ అనే సరస్సు ఒడ్డు ఊళ్లో.

మా పెళ్లయి పాతికేళ్లు. పిల్లలిద్దరూ చదువులకి వెళ్లిపోయారు. "బస్సులో కూర్చోబెట్టి తిప్పే టూరు వద్దు, మనమే బండి నడుపుకుంటూ, నడవగలిగినంత నడుస్తూ తిరుగుదాం" అన్నది మావారి కోరిక. మన సంక్రాంతి వాళ్లకి నడి వేసవి కాబట్టి జనవరిలో 12 రోజులు పెట్టుకున్నాం, అదీ దక్షిణ దీవి వరకే. రెండు దీవులూ చుట్టేయాలనుకుంటే రోజంతా కార్లోనే గడిచిపోతుంది. వీసాకి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేశాం: బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇద్దరి ఆఫీసుల నుంచి సెలవు పత్రాలు, ఏ రోజు ఎక్కడ ఉంటామో రాసిన కాగితం, పొలం పాస్‌బుక్కుకి ఇంగ్లీషు అనువాదం. వీసా రుసుముతో పాటే పర్యాటకుల లెవీ మనిషికి 100 న్యూజిలాండ్ డాలర్లు కట్టాం.

సింగపూర్ మీదుగా దిగిన రోజు కారు తీసుకోలేదు. మనకన్నా ఏడున్నర గంటలు ముందుండే దేశం, నిద్రమత్తులో బండి నడపకూడదని ఒక రాత్రి అక్కడే పడుకున్నాం. మనలాగే ఎడమ పక్కన నడపడం కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. అలవాటు చేసుకోవాల్సింది ఒంటి వరస వంతెనల్ని. గుండ్రటి బోర్డు మీద మన దిక్కుకి చిన్న ఎర్ర బాణం ఉంటే ఆగి ఎదుటివాళ్లకి దారివ్వాలి. నీలం బోర్డు మీద పెద్ద తెల్ల బాణం ఉంటే మనం ముందు వెళ్లొచ్చు. వెనక నాలుగు బండ్లు చేరితే కాస్త వెడల్పున్న చోట పక్కకి ఆపి వాళ్లని పోనివ్వాలి. అలా ఆపిన ప్రతిసారీ దాటి వెళ్లేవాళ్లు చెయ్యి ఊపి వెళ్లేవారు. మూడో రోజుకి ఈయన హారన్ అనేదే మర్చిపోయారు.

మొదటి మజిలీ టెకపో సరస్సు. ఆ నీళ్ల రంగుని ఫోటోల్లో చూసి ఏదో మార్పులు చేశారనుకునేదాన్ని. నిజంగానే పాలు కలిపిన నీలం. హిమనదాలు రాళ్లని పిండిలా నూరి నీళ్లలో కలుపుతాయి, ఆ సన్నటి పొడి తేలుతూ వెలుగుని చెదరగొట్టడం వల్ల ఆ రంగు. ఆ ప్రాంతమంతా 2012 నుంచి చీకటి ఆకాశ రక్షిత ప్రాంతం, వీధి దీపాలు కూడా కిందికే వెలుగు పడేలా పెట్టారు. పొద్దు గుంకేది తొమ్మిది దాటాక కాబట్టి చుక్కల కోసం పదకొండున్నర దాకా మేలుకున్నాం. చిన్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో డాబా మీద మా నాన్న చూపించిన గొల్లకావడి అక్కడా ఉంది. కానీ ఉత్తరం దిక్కున, తలకిందులుగా. కింద వేలాడాల్సిన చుక్కలు పైకి ఉన్నాయి. ఆ క్షణంలో భూమి గుండ్రంగా ఉందన్న మాట నాకు ఒంటికి తెలిసింది.

అయోరాకి (మౌంట్ కుక్) కొండ దగ్గర సీలీ టార్న్స్ అనే నడకదారి ఎక్కాం. 2,200 మెట్లు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కినదాన్ని కదా అని ధైర్యం చేశాను. కానీ అలిపిరిలో నెత్తిన నీడ ఉంటుంది, దారిలో నీళ్లుంటాయి, ముందూ వెనకా గోవింద నామం వినిపిస్తూ మనల్ని ఎక్కిస్తుంది. ఇక్కడ ఎండా గాలీ, మన ఊపిరీ. మోకాళ్లకి చేతికర్రలు అద్దెకు తీసుకోవడం మంచిపనైంది. తలో రెండు లీటర్ల నీళ్లు, పొద్దున వండిన పులిహోర మోసుకెళ్లాం. మెట్టుకో గోవిందా అనుకుంటూ నేను, వాచీ చూసుకోకుండా ఈయన, రెండున్నర గంటల్లో పైన చిన్న మడుగు దగ్గరికి చేరాం. ఎదురుగా 3,724 మీటర్ల అయోరాకి. పక్క కొండ మీంచి మంచు పెళ్ల ఒకటి జారి పడింది. ముందు తెల్లటి పొగలా కనిపించింది, తర్వాత ఉరుములాంటి చప్పుడు వచ్చింది. అక్కడి ఙై తాహు అనే మావోరి తెగ ప్రజలకి ఆ శిఖరం మూలపురుషుడు, ఆయన పడవే రాయిగా మారి ఈ దీవి అయిందని వాళ్ల నమ్మకం. అందుకే కొండెక్కేవాళ్లని శిఖరం కొన మీద కాలు పెట్టొద్దని కోరతారు. ఏడుకొండలవాడి కొండకి చెప్పులు విప్పి నడిచే మనకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

తర్వాత లిండిస్ కనుమ, వానకా, క్వీన్స్‌టౌన్. బాగున్నాయి, కానీ జనం ఎక్కువ. మా మనసంతా మిల్ఫర్డ్ సౌండ్ మీదే, నిలువెత్తు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. టె అనౌ నుంచి 120 కిలోమీటర్ల దారి. మధ్యలో పెట్రోలు దొరుకుతుందనుకోకూడదు, ఫోను సిగ్నల్ కూడా ఉండదు. పడవ టికెట్లు కొనేశాం. ఆ రాత్రి వాన మొదలైంది.

పొద్దున లేచేసరికి రోడ్డు మూసేశారు. మిల్ఫర్డ్‌లో ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన కురుస్తుందని చదివాను గానీ, అది మన రోజునే కురుస్తుందని ఎందుకో అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి! ఈయన పటం ముందేసుకుని, "తిరిగెళ్లేటప్పుడు క్వీన్స్‌టౌన్‌లో ఉండాల్సిన ఒక రాత్రి వదిలేద్దాం, ఇక్కడే ఉందాం" అన్నారు. మోటెల్ నడిపే ఆమె ఇంకో గది సర్దింది. పడవ వాళ్లు తేదీ మార్చారు. మీరు వెళ్తే మాత్రం మిల్ఫర్డ్ కోసం ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి, దాన్ని దేనికీ వాడకండి.

ఆ వానలోనే గొడుగులేసుకుని సరస్సు ఒడ్డునున్న పక్షుల సంరక్షణ కేంద్రానికి నడిచాం. అక్కడ చూశాను టకహేని. నీలమూ ఆకుపచ్చా కలిసిన ఒళ్లు, ఎర్రటి లావు ముక్కు, బొద్దుగా, ఎగరలేని పిట్ట. అంతరించిపోయిందనుకున్న దాన్ని 1948లో ఈ సరస్సుకి అవతలి కొండల్లోనే మళ్లీ కనుక్కున్నారు. ఈ దేశపు నేల మీద పాలిచ్చి పెంచే సొంత జంతువులు గబ్బిలాలు తప్ప లేవు. అందుకే పిట్టలు భయం లేకుండా నేల మీద బతికాయి, చాలావాటికి ఎగరాల్సిన అవసరమే పోయింది. బయటి నుంచి వచ్చిన ఎలుకలూ, ముంగిసలాంటి స్టోట్‌లూ గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి. ఆ పిట్ట మా ఎదురుగా గడ్డి దుబ్బు పీక్కుని, ఒక కాలితో పట్టుకుని, మెత్తటి మొదలు మాత్రమే కొరుక్కు తింటోంది. విమానాశ్రయంలో ఆవిడ బూటు అడుగున వేలు పెట్టి చూసింది దీని కోసమేనని అప్పుడు తెలిసింది. ఎక్కడి విత్తనమో, ఎక్కడి తెగులో మన బూటు మట్టిలో వస్తే దీనికి దాక్కునే చోటు లేదు. మేం అక్కడ రెండు గంటలున్నాం. వానని తిట్టుకోవడం మానేశాను.

మర్నాడు తొమ్మిదింటికి రోడ్డు తెరిచారు. హోమర్ సొరంగం దగ్గర సిగ్నల్ కోసం ఆగితే కియా చిలకలు వచ్చి కార్ల రబ్బర్లు పీకసాగాయి. వాటికి ఏమీ పెట్టకూడదు. 1.2 కిలోమీటర్ల ఆ సొరంగాన్ని 1935లో పలుగులతో, తోపుడు బండ్లతో మొదలుపెడితే 1954కి గానీ రాకపోకలకి తెరవలేదు. మంచు చరియలు పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ చీకట్లోంచి బయటపడగానే నాకు నోట మాట రాలేదు. నిన్నటి వానంతా కొండల మీంచి దిగుతోంది. లెక్కపెట్టలేనన్ని జలపాతాలు, సన్నటి వెండి తీగల్లా నిలువునా. ఎండ కాసే రోజున వచ్చి ఉంటే వీటిలో చాలావాటిని చూసేవాళ్లమే కాదని పడవ నడిపే ఆయన చెప్పారు.

తిరుగు దారిలో డివైడ్ అనే చోట కారు ఆపి కీ సమ్మిట్ అనే కొండ ఎక్కాం. రానూపోనూ మూడు గంటల నడక, చీకటి పడటానికి ఇంకా చాలా పొద్దుంది. దారి పక్కన చెట్ల మొదళ్లలో చెక్క పెట్టెలు, స్టోట్‌ల కోసం పెట్టిన బోనులు. ఈయన ప్రతి పెట్టె దగ్గరా వంగి, దాని మీది నంబరు చదివి మరీ కదిలారు. పైన మబ్బు కమ్మేసి ఏమీ కనిపించలేదు. ఫ్లాస్కులో టీ తాగి లేవబోతుండగా ఎదుటి కొండ మీంచి మబ్బు తొలగింది. లోయకి పైన, రెండు కొండల మధ్య ఉట్టిలో పెట్టినట్టు ఒక సరస్సు.

"ఏమండీ, దిగుదామా?" అన్నాను.

"ఇంకో అరగంట ఉందాం" అన్నారు.