మైకు, కరపత్రం, ఎదుటివాడి ఇష్టం

మత ప్రచారం హక్కే, రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. అయితే 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: మన మతంలో ఏముందో వివరించుకోవచ్చు, ఎదుటివాళ్లను మార్చడం మాత్రం హక్కు కాదు.

వీధిలో గొడవలు ఎక్కువగా మైకు దగ్గరే మొదలవుతాయి. 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. ఇళ్ల మధ్య పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా ఇదే లెక్క. డాబా మీద హార్న్ మైకు కడితే లోపలున్న భక్తులకంటే పక్క వీధిలో పరీక్షకు చదివే పిల్లకే ఎక్కువ వినిపిస్తుంది. హాల్లోనే చిన్న బాక్సులు లోపలికి తిప్పి పెడితే సగం తగవు అక్కడే తీరుతుంది.

తిరుమల కొండ మీద అన్యమత ప్రచారం 2007 నుంచి నిషేధం. అది న్యాయమే అంటాను, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు చర్చకు రాలేదు కదా.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఆసుపత్రి వార్డులో ప్రచారం. సెలైన్ ఎక్కుతున్న మనిషి లేచి వెళ్లిపోలేడు. అడిగితే ప్రార్థన చేయండి, అడగకపోతే కరపత్రం సంచిలోనే ఉంచండి.