36 నట్టూ, పాతిక కిలోల బియ్యమూ

మా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు 1965 మోడల్. పోయిన వేసవిలో వెనక ఎడమ చక్రం లోపలివైపు నూనె కారడం మొదలైంది. మొదట్లో టైరు మీద తడి మరకలా ఉండేది. రెండు వారాలకే ఆ పక్క బ్రేకు సరిగ్గా పట్టడం మానేసింది. నూనె బయటికి రాకుండా ఆపే రింగు, అదే సీలు, పాడై గేరాయిల్ దాన్ని దాటి బ్రేకు షూల మీదకి వచ్చేస్తోంది. సీలు వంద రూపాయల సరుకే, కానీ దాన్ని మార్చాలంటే బ్రేకు డ్రమ్ము ఊడదీయాలి. డ్రమ్మునేమో యాక్సిల్ కొసన ఒకే ఒక్క నట్టు పట్టుకుని ఉంటుంది. 36 ఎం.ఎం. నట్టు, అది తిరిగి ఊడిపోకుండా అడ్డంగా గుచ్చిన కాటర్ పిన్ను.

చక్రం మధ్యలో ఉన్న మూత తీస్తే నట్టు కనిపిస్తుంది. మా నట్టు మూలల మీద ఉలి గాట్లు ఉన్నాయి. పాత యజమాని హయాంలో ఎవరో ఉలి పెట్టి, సుత్తితో కొట్టి తిప్పారన్నమాట. అది చూడగానే సగం నీరుగారిపోయాను.

మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు, పాత బండ్ల మీద మంచి చేయి. ఆయన హాఫ్ ఇంచ్ డ్రైవ్ సాకెట్టు, రెండడుగుల బార్ తెచ్చాడు. "ఎడమ పక్క కదన్నా, ఎదురు మర ఉంటది" అంటూ, అంటే మామూలుగా బిగించే వైపుకి తిప్పితేనే ఊడుతుందని, కుడివైపుకి తిప్పడం మొదలుపెట్టాడు. అరగంట సేపు ఇద్దరం వంతులవారీగా బార్ మీద వేలాడాం. చివరికి నట్టు కాదు, బార్ తలలో సాకెట్టు ఎక్కే నలుచదరపు ముక్క మెలితిరిగి పుటుక్కున విరిగింది. విరిగిన చోట ఇనుము తాడులా పురి తిరిగి ఉంది. ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటున్నాను.

ఆ రాత్రి వర్క్‌షాప్ మాన్యువల్ తీసి చూస్తే అసలు సంగతి తెలిసింది. బీటిల్లో ఎదురు మర ఉండేది ముందు ఎడమ చక్రానికి. వెనక రెండు పక్కలా మామూలు మరే. అంటే అరగంట సేపు మేం చెమటోడ్చి నట్టును ఇంకా బిగించాం! బిగింపు లెక్క కూడా అందులోనే ఉంది: 217 ఫుట్-పౌండ్లు. మన లెక్కలో దాదాపు 30 కిలోగ్రామ్-మీటర్లు. మీటరు పొడవున్న కడ్డీ కొసన 30 కిలోలు వేలాడదీసినంత బలం. అది కొత్తగా బిగించినప్పటి మాట. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన నట్టు విప్పాలంటే దానికి రెండు మూడింతలైనా కావచ్చు.

తలా ఒక సలహా ఇచ్చారు. పైపు రెంచితో పట్టేయమన్నారు, కానీ అప్పటికే అరిగిన మూలలు దాంతో పూర్తిగా పోతాయి. గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చమన్నారు, లోపలి బేరింగ్ గుర్తొచ్చి వద్దనుకున్నాను. లారీ టైర్ల దగ్గర చేత్తో తిప్పే గేరు పెట్టె ఉంటుంది చూడండి, పిల్లాడు తిప్పినా లారీ నట్టు ఊడొస్తుంది. దాని మీద మాత్రం మనసు పడింది. తీరా వెళ్లి అడిగితే వాళ్ల దగ్గరున్నవి 32, 33 సాకెట్లే.

సరే అని రాణిగంజ్ వెళ్లాను. సికింద్రాబాద్‌లో పెద్ద సైజు పనిముట్లు కావాలంటే నాకు తెలిసిన దారి అదే. నేను మనసులో అనుకుని వెళ్లింది స్లాగింగ్ పానా. అంటే పొట్టి పిడి, ఒక కొసన మందపాటి రింగు, రెండో కొస సమ్మెటతో కొట్టించుకోడానికి మొద్దులా ఉంటుంది. ఫ్యాక్టరీల్లో మొండి నట్లన్నీ దాంతోనే లొంగుతాయి. కౌంటర్ వెనకాయన పానా తీసి నా చేతికివ్వకుండా, "సమ్మెట ఎక్కడ ఊపుతావు బాబూ?" అని అడిగాడు. నేను ఆలోచించలేదు. చక్రం చుట్టూ ఉన్నది గుండ్రటి ఫెండర్. ఒక్క దెబ్బ గురి తప్పిందంటే సొట్ట, తర్వాత టింకరింగు, పెయింటు. పైగా ఆ పానాతో విప్పడమైతే విప్పొచ్చు గానీ తిరిగి 30 లెక్కకు బిగించడం ఎలా? దెబ్బకు కొలత ఉండదు కదా.

ఆయన మాట పట్టుకునే ముప్పావు ఇంచి డ్రైవ్‌లో 36 సాకెట్టు కొన్నాను. అందులోనూ లోపల పన్నెండు మూలలున్నది కాకుండా ఆరు మూలలది, నల్లటి ఇంపాక్ట్ సాకెట్టు అడిగి తీసుకున్నాను. పన్నెండు మూలలది కొసల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది. మా నట్టుకు కొసలే లేవాయె. ఆరు మూలలదైతే పక్కల్ని కూడా ఒరుసుకుని పట్టుకుంటుంది. దానికి ఒక టీ హ్యాండిల్, ఫెండర్ దాటి బయటికి రావడానికి ఒక ఎక్స్‌టెన్షన్. మొత్తం మూడు వేల లోపే. హ్యాండిల్‌కి తొడిగి పొడవు పెంచుకోడానికి పక్క సందులో నాలుగడుగుల జీఐ పైపు ముక్క కోయించుకున్నాను.

రెండు రాత్రులు నట్టుకు తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాను. ఆదివారం పొద్దున కాటర్ పిన్ను తీసి, నట్టు మీంచి డ్రమ్ము మీదికి సుద్దముక్కతో ఒక గీత గీశాను. బండిని జాకీ మీద ఎత్తలేదు, ఇంత బలం పెట్టే పని నేల మీద ఉండగానే చేయాలి. చక్రాల ముందు ఇటుకలు, హ్యాండ్ బ్రేకు. ఎక్స్‌టెన్షన్ కింద స్టాండు పెట్టాను, లేకపోతే సాకెట్టు వాలిపోయి జారుతుంది. పైపును బండి ముందువైపుకి చాపి, దాని కొస మీదికెక్కి నిలబడ్డాను. నా బరువు 72 కిలోలు. 1.2 మీటర్ల దగ్గర అది 86 లెక్క.

కదల్లేదు. మెల్లగా మోకాళ్లు వంచి ఊగాను. కొబ్బరికాయ పగిలినట్టు టప్పుమంది. పైపు అరచేతి వెడల్పు కిందికి దిగింది. సాకెట్టు చీలిందేమో, యాక్సిలే విరిగిందేమో అని గుండె జారింది. ఒంగి చూస్తే సుద్దగీత రెండు ముక్కలై ఉంది: నట్టు మీది ముక్క ఎడమకి జరిగింది. అంతే, ఆ తర్వాత వేళ్లతో తిప్పినా తిరిగింది.

సీలు, షూలు మార్చడం మామూలు పనే, సాయంత్రానికి అయిపోయింది. తిరిగి బిగించడం దగ్గరే మళ్లీ ఆగాను. అంత లెక్క చూపించే టార్క్ రెంచి నా దగ్గర లేదు. వదులుగా వదిలేస్తే యాక్సిల్ మీద డ్రమ్ము కదిలి కదిలి లోపలి పళ్లు అరిగిపోతాయి. అప్పుడు గుర్తొచ్చింది, వంటింట్లో పాతిక కిలోల బియ్యం బస్తా ఉంది. పైపు బరువు నాలుగు కిలోలు, అది మధ్యలో వేలాడుతున్నట్టు లెక్క, అంటే దాని వాటా రెండున్నర దాకా. మిగతా ఇరవై ఏడున్నరకు బస్తాను 1.1 మీటర్ల దగ్గర కట్టాలి. టేపుతో కొలిచి పైపు మీద గీత పెట్టి, పైపు నేలకు సమంగా ఉండేలా సాకెట్టు మార్చి మార్చి ఎక్కించి, బస్తా వేలాడదీశాను. మా ఆవిడ గుమ్మంలోకొచ్చి, "ఏవండీ, ఆ బియ్యం వండేదుందా, లేదా?" అంది.

బస్తా కాస్త కిందికి దిగి ఆగిపోయింది. అక్కడికి కాటర్ పిన్ను బెజ్జం నట్టు గాడికి ఎదురు రాలేదు. ఇలాంటప్పుడు వెనక్కి వదలకూడదు, తర్వాతి గాడి దాకా ఇంకొంచెం బిగించాలి. బస్తాను చేత్తో కిందికి నొక్కాను, బెజ్జం కనిపించింది, పిన్ను వేశాను.

కుడివైపు నట్టుకు పది నిమిషాలు పట్టింది.

వచ్చే నెల ముందు ఎడమ చక్రం బేరింగ్ చూడాలి. మేస్త్రికి ఫోన్ చేసి, "అన్నా, ఈసారి నిజంగానే ఎదురు మర" అన్నాను. "నేను అప్పుడే చెప్పిన కదా" అన్నాడు.