సన్నాయి విని మోర్డోర్ అన్నాడు

నల్లగొండలో మా అన్న కొడుకు పెళ్లి. ఇక్కడ మాకు అర్ధరాత్రి. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియకు గట్టిమేళం మోగింది. ఫోన్‌లో చూస్తున్న మా తొమ్మిదేళ్ల వాడు చెవులు మూసుకుని, "అమ్మా, ఇది మోర్డోర్ మ్యూజిక్. విలన్ వస్తున్నాడా?" అన్నాడు. అటు నుంచి మా అమ్మ, "ఏమంటుండు బిడ్డా పిలగాడు?" అని అడిగింది. "మంచిగుందంటుండమ్మా" అన్నాను.

వాడి మీద కోపం తెచ్చుకోవడానికి లేదు. వాడి చెవి సరిగ్గానే పట్టింది. 'ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సినిమాలకూ సంగీతం ఇచ్చిన హోవర్డ్ షోర్, ఆ కథలో శత్రువు రాజ్యమైన మోర్డోర్ కోసం రైతా అనే వాద్యాన్ని వాడాడు. అది ఉత్తర ఆఫ్రికాది. నోట్లో పెట్టుకునే చోట రెండు రెల్లు బద్దలు ఒకదానికొకటి ఆని ఉంటాయి, గొట్టం మొదట్లో సన్నగా ఉండి చివరికి వెడల్పవుతుంది. మన సన్నాయి కట్టుబాటూ అదే. ఆ రెండు బద్దలు కొట్టుకోవడం వల్లే స్వరంలో పై పౌనఃపున్యాలు దండిగా పుడతాయి, ఆరుబయట పందిరి దాటి ఊరంతా వినిపిస్తుంది. మన దగ్గర ఆ గట్టిదనం శుభానికి పనికొచ్చింది. చెడు మాట ఏదీ ఆ ఘడియలో చెవిన పడకూడదని మోగించేదే గట్టిమేళం. అదే గట్టిదనం సినిమాలో శత్రువు కోట కనిపించినప్పుడు పనికొచ్చింది.

నాకు గుచ్చుకునేది ఇంకొకటి. మంచివాళ్ల ఊరు షైర్‌కు అదే సినిమాలో ఫిడేలు, టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి మోగుతాయి. ఇల్లు అంటే ఐరోపా పల్లె వాద్యం, ముప్పు అంటే ఆఫ్రికా సన్నాయి. పిల్లవాడు ఆ లెక్కను ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు. ఎవరూ చెప్పకుండా అనడం కూడా తప్పే. ఆ సినిమాలు పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది నేనే. ఏ థీమ్ ఎవరిదో ఆపి ఆపి చెప్పిందీ నేనే. సన్నాయిని మాత్రం ఒక్క పూట కూడా కూర్చోబెట్టి వినిపించలేదు. పెళ్లిళ్లలో వాడే వింటాడులే అనుకున్నాను, పెళ్లిళ్లేమో సముద్రం అవతల జరుగుతున్నాయి.

చెడుకు గుర్తులని సినిమా సంగీతం నేర్పేవి ఒక్కొక్కటే పట్టి చూస్తే, మన ఇంట్లో లేనిది దాదాపు లేదు. అదే కథలో చెడ్డ మాంత్రికుడు సరుమాన్ కోట ఐసెన్‌గార్డ్ థీమ్ ఐదు దెబ్బల తాళంలో నడుస్తుంది. కింద బరువైన ఇత్తడి బూరలు, పైన ఇనుప రేకుల మోత. నాలుగుకు అలవాటుపడ్డ చెవికి ఐదో దెబ్బ దగ్గర కాలు తడబడుతుంది, అక్కడే భయం. మన తాళాల్లో ఆ ఐదు లెక్క పేరు ఖండం. తకతకిట అని పిల్లలు తొడ మీద వేసుకునే లెక్క.

ట్రైటోన్ అని పడమటి దేశాల్లో దయ్యం పేరు పెట్టిన దూరం ఒకటుంది, సరిగ్గా ఆరు అర్ధస్వరాలు, అంటే కీబోర్డు మీద తెల్లవీ నల్లవీ కలిపి ఆరు మెట్లు. మన స (షడ్జమం) నుంచి రెండు మ లలో పైదానికి (ప్రతిమధ్యమం) దూరం అంతే. కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన 72 మేళకర్తల్లో 36 ప్రతిమధ్యమానివే. కల్యాణి రాగం కూడా అందులోదే, పేరులోనే శుభం ఉంది.

ఇది పిల్లలకు మాటల్లో చెబితే ఎక్కదు. కీబోర్డు మీద చూపించండి. సి ని స అనుకుని, ఎఫ్ షార్ప్‌ను దానితో కలిపి ఒకేసారి నొక్కితే పిల్లలు వెంటనే "హారర్" అంటారు. తర్వాత సి, డి, ఇ, ఎఫ్ షార్ప్, జి వరసగా వాయించి జి మీద ఆగండి. అదే ఎఫ్ షార్ప్ ఈసారి పంచమం (ప, ఇక్కడ జి) వైపు ఎక్కే మెట్టు అవుతుంది, భయం ఉండదు. మెట్టు మీదే ఆగిపోతే పని చెడుతుంది, పంచమం దాకా వెళ్లాలి. మాయామాళవగౌళ రాగానికీ ఇదే దారి: సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి, పై సి. సి షార్ప్ నుంచి ఇ కి మూడు అర్ధస్వరాల గెంతు ఉంది చూడండి, ఎడారి, పాము, మాయావి అనగానే సినిమాల్లో వినిపించేది అదే. మన పిల్లలు సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు మొదలుపెట్టేది ఆ గెంతుతోనే. కీబోర్డులో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, రాదు కాబట్టి ఇది ఎత్తి చూపడానికి మాత్రమే, రాగం నేర్పడానికి కాదు.

తర్వాత షైర్ పాటను షెహనాయి టోన్‌లో వాయించండి, సన్నాయి మీద విన్న వరసను ఫ్లూట్ టోన్‌లో వాయించండి. భయం వరసలో ఉందా, వాద్యంలో ఉందా అన్నది పిల్లలే పట్టుకుంటారు.

ఒక ముఖ్యమైన సంగతి. మేళాన్ని వీడియో కాల్‌లో వినిపించకండి. కాల్ మాటల కోసం తయారైంది, ఆగకుండా సాగే సన్నాయిని రొద అనుకుని తుంచేస్తుంది. ఫోన్ స్పీకర్‌లో డోలు అడుగు శబ్దం పోతుంది, మిగిలేది కీచుదనమే. ఆ రాత్రి మా వాడు విన్నది అదే. ఫోన్‌ను మేళానికి పదిహేను, ఇరవై అడుగుల దూరంలో పెట్టి రికార్డు చేసి పంపమనండి, ఇక్కడ మంచి హెడ్‌ఫోన్స్‌లో వినిపించండి. దగ్గర పెడితే సన్నాయి ఎక్కేసరికి శబ్దం పగిలిపోతుంది.

షోర్‌కు న్యాయం చేయాలంటే ఇంకొకటి చెప్పాలి. కథలోని మాయ ఉంగరం మనిషిని తన వైపు లాగేటప్పుడు వినిపించేది రైతా కాదు, మగపిల్లల లేత కోరస్. కీడు అందంగా కూడా పాడుతుందని ఆయనకు తెలుసు. ఉంగరాన్ని వెతికే నల్ల రౌతులు నజ్‌గుల్‌లు వచ్చినప్పుడు కోరస్ పాడేది టోల్కీన్ కల్పించిన అడునాయిక్ భాషలో. కథలో మంచి జాతి అయిన ఎల్ఫ్‌ల పాటలూ మనకు అర్థం కాని భాషలోనే ఉంటాయి, కానీ అవి నెమ్మదిగా, మెత్తగా సాగుతాయి. అర్థం తెలియకపోవడం ఒక్కటే భయం కాదన్నమాట. మంత్రాలు వింటే మా వాడికి ఏమనిపిస్తుందో నేను ఇంకా అడగలేదు.

ఇవన్నీ మా ఇంట్లో చేశాను. నెల తిరిగేసరికి వాడు సన్నాయి రికార్డును తనంతట తానే పెట్టుకుంటున్నాడు. ఎందుకురా అని అడిగితే, "మోర్డోర్ లాగా ఉంది కదా, పవర్‌ఫుల్" అన్నాడు. నేను కోరుకున్నది వాడు సన్నాయి వినడం. విలన్ చేతి మీదుగా వచ్చిన ఇష్టాన్ని దిద్దాలా, అట్లనే ఉండనివ్వాలా? ఇతర తల్లులకు పిల్లల మీద రుద్దొద్దని చెప్పేదాన్ని, వాడికి ఆ జవాబు మార్చమని రెండుసార్లు చెప్పాను. వాడు మార్చలేదు.

నిన్న మా అమ్మ ఫోన్ చేసింది. "పంపిన మేళం వింటుండా బిడ్డా?" అంది. "రోజూ వింటుండమ్మా" అన్నాను. ఈసారి అబద్ధం కాదు. ఎందుకు వింటున్నాడో మాత్రం చెప్పలేదు.